ముప్పై మూడేళ్లకు ఊడిన పాలపన్ను

2023 సంక్రాంతికి మదనపల్లెలో అమ్మ నిప్పట్లు చేసింది. ఒకటి కొరికానో లేదో, పైవరుసలో కుడివైపు కోరపన్ను కదిలినట్టు అనిపించింది. నాలుకతో తోసి చూశాను. నిజంగానే కదులుతోంది. నొప్పి లేదు, రక్తం లేదు. ముప్పై మూడేళ్ల మనిషికి దెబ్బ తగలకుండా పన్ను ఎందుకు కదులుతుందో నాకు అర్థం కాలేదు. ఆ పన్ను మిగతావాటికంటే పొట్టిగా ఉంటుందని మాత్రం చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎవరైనా "పాపకు ఆ పన్ను పొట్టిగా ఉందే" అంటే, అమ్మ "వాళ్ల నాయనదీ అంతే" అనేది. ఆ మాట అక్కడితో అయిపోయేది.

బెంగళూరుకు తిరిగొచ్చాక మారతహళ్లిలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కు వెళ్లాను. నోరంతా ఒకేసారి కనిపించే ఎక్స్‌రే తీశారు. దాన్ని ఓపీజీ అంటారు. ఆ ఫిల్ము చూసినప్పుడు తెలిసింది, నేను ఇన్నేళ్లూ కోరపన్ను అనుకున్నది పాలపన్నని. అసలు కోరపన్ను కిందికి రానేలేదు. పైదవడ ఎముకలో దాదాపు అడ్డంగా పడుకుని ఉంది.

పైకోరపన్ను మామూలుగా పదకొండు, పన్నెండేళ్లకు వస్తుంది. ఎముకలో చాలా ఎత్తు నుంచి దిగిరావాలి కాబట్టి దారి తప్పే అవకాశం ఎక్కువ. జ్ఞానదంతాల తర్వాత ఎముకలోనే ఎక్కువగా ఇరుక్కుపోయేది ఇదేనట. నూటికి ఒకరిద్దరిలో ఉంటుంది, మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ, కొన్ని కుటుంబాల్లో తరతరాలకూ వస్తుంది. పైనుంచి దిగే పన్ను ఒత్తిడికి పాలపన్ను వేరు కరిగి ఊడిపోవాలి. ఆ ఒత్తిడే రాకపోతే పాలపన్ను ఇరవై, ముప్పై ఏళ్లు కూడా నిలబడుతుంది, తర్వాత ఎప్పుడో ఒకరోజు వేరు అరిగిపోయి కదలడం మొదలుపెడుతుంది. నాకు జరిగింది అదే.

ఆ క్లినిక్‌లో డాక్టర్ ఐదు నిమిషాల్లో తేల్చేశారు. పాలపన్ను తీసేసి అక్కడే ఇంప్లాంట్ వేద్దామన్నారు, నెలాఖరులోపు అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ ఉందన్నారు. "మరి పైన పడుకున్న పన్ను?" అని అడిగాను. "అది దాని మానాన అది ఉంటుంది మేడమ్, దాన్ని కదపక్కర్లేదు" అన్నారు. ఇంప్లాంట్ అంటే కట్టుడు పన్నుకు వేరులా ఎముకలో బిగించే పది, పన్నెండు మిల్లీమీటర్ల స్క్రూ. అది వెళ్లాల్సిన దారికి అడ్డంగా పన్ను ఉన్నట్టు నా కళ్లకే కనపడుతోంది. మళ్లీ అడిగితే సరైన జవాబు రాలేదు, రిసెప్షన్‌లో ఈఎంఐ కాగితం మాత్రం చేతికిచ్చారు. ఎక్స్‌రే తీసుకుని వచ్చేశాను. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపం ఉంది. నేను రెండోసారి అడిగాను కాబట్టి సరిపోయింది. అడగడానికి మొహమాటపడేవాళ్ల సంగతేంటి?

రెండో అభిప్రాయం కోసం విక్టోరియా ఆస్పత్రి దగ్గరున్న ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వెళ్లాను. ఆఫీసుకు ఒకరోజు సెలవు పెట్టి, పొద్దున్నే బస్సెక్కి, ఓపీ చీటీ తీసుకుని కూర్చున్నాను. అక్కడ పీజీ చదువుతున్న అమ్మాయిది అనంతపురం. నా మాట వినగానే తెలుగులోకి మారింది. "అక్కా, ఈ ఎక్స్‌రేలో పన్ను ఎక్కడుందో తెలుస్తుంది కానీ, ముందుందా వెనకుందా, పక్క పన్ను వేరును తాకుతోందా అనేది తెలీదు. సీబీసీటీ తీయించుకోండి, అది లేకుండా ఎవరు ఏం చెప్పినా నమ్మొద్దు" అంది. ఆ ఒక్క మాట నాకు చాలా మేలు చేసింది.

సీబీసీటీ అంటే దవడకు తీసే త్రీడీ స్కాన్. నిలబడితే మిషన్ తల చుట్టూ ఒకసారి తిరుగుతుంది, నిమిషం కూడా పట్టదు. దాన్ని తీసుకుని ఇందిరానగర్‌లో ఒక ఓరల్ సర్జన్‌ను కలిశాను. ఆయనది నెల్లూరు వైపు. స్కాన్‌ను కంప్యూటర్‌లో పొరలు పొరలుగా జరుపుతూ చూపించారు. నా కోరపన్ను అంగిలి వైపుకి ఉంది, దాని మొన పక్కనున్న చిన్న ముందుపన్ను వేరును ఆనుకుని ఉంది. వేరు అక్కడ కొద్దిగా నొక్కుపడ్డట్టుంది. "దీన్ని వదిలేస్తే ఈ పక్క పన్ను వేరును ఇంకా తినెయ్యొచ్చు. దాని చుట్టూ నీటితిత్తి కట్టే అవకాశం కూడా ఉంటుంది. అందరికీ అలా అవుతుందని కాదమ్మా, కానీ మీకు తాకుతోంది కదా" అన్నారు.

ఇక దారులు ఏమిటన్నది ప్రశ్న. మొదటిది, చిగురు తెరిచి ఆ పన్నుకు చిన్న బటన్ అంటించి, క్లిప్పులు వేసి, నెలల తరబడి మెల్లగా కిందికి లాగడం. సొంత పన్నే స్థానంలోకి వస్తుంది కాబట్టి కుదిరితే అదే మేలని ఆయనే చెప్పి, క్లిప్పుల డాక్టర్ దగ్గరికి పంపించారు. ఆవిడ కొలతలు వేసి చూశారు. పన్ను మరీ అడ్డంగా ఉంది, మరీ ఎత్తులో ఉంది, ఈ వయసులో అది ఎముకకు అతుక్కుపోయి కదలకపోయే ప్రమాదం కూడా ఉంది. రెండేళ్లకు పైగా క్లిప్పులు పెట్టుకున్నా వస్తుందని మాట ఇవ్వలేనన్నారు. పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు వచ్చుంటే వేరే మాట అన్నారు. ఆ మాట విని ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. రెండోది బ్రిడ్జి, అంటే పక్క పళ్లకు తొడుగులు వేసి వాటి ఆధారంతో మధ్యలో కట్టుడు పన్ను నిలబెట్టడం. దానికి రెండువైపులా ఉన్న మంచి పళ్లను అరగదీయాలి. ఒక పన్ను కోసం రెండు మంచి పళ్లను పాడుచేసుకోవడం నా మనసుకు ఒప్పలేదు. మిగిలింది ఇరుక్కున్న పన్నును తీసేసి, ఆ ఖాళీలో ఎముక నింపి, అది గట్టిపడ్డాక ఇంప్లాంట్ వేయించుకోవడం. ఆలోచించడానికి మూడు వారాలు తీసుకున్నాను. ఆపరేషన్లకంటే నాకు ఆ మూడు వారాలే కష్టంగా గడిచాయి.

ఇక్కడ ఎముక సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి ఇది ఎవరూ చెప్పరు. తీసేసిన పన్ను చోట పెద్ద గుంత మిగులుతుంది. అందులో ఎముక పొడి నింపుతారు. సంతకం పెట్టాల్సిన కాగితంలో "బోవైన్" అనే మాట కనపడింది. అంటే పశువుల ఎముక నుంచి తయారైనది. దాన్ని శుద్ధి చేసి, జీవపదార్థం ఏమీ లేకుండా ఖనిజం మాత్రమే మిగిల్చి వాడతారు, చాలా ఏళ్లుగా ప్రపంచమంతా వాడుతున్నారు, ఫలితాలు కూడా బాగుంటాయని డాక్టర్‌గారు చెప్పారు. తప్పేమీ లేదు. కానీ మా ఇంట్లో ఆవుకు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుంటారు. అది నా నోట్లో ఉందని తర్వాత తెలిస్తే అమ్మ తట్టుకోలేదు, నిజం చెప్పాలంటే నేనూ తట్టుకోలేను. అదే మాట డాక్టర్‌గారికి చెప్పాను. ఆయన చిన్నబుచ్చలేదు. "ముందే అడిగారు, మంచిదమ్మా. కృత్రిమంగా తయారుచేసిన క్యాల్షియం ఫాస్ఫేట్ పొడి ఉంది, మీ గుంతకు నాలుగువైపులా గోడలున్నాయి కాబట్టి అది సరిపోతుంది" అన్నారు. పైన కప్పే పొర కూడా చాలావరకు జంతువుల కొల్లాజెన్‌తోనే చేస్తారట. దానికి బదులు నా రక్తంతోనే పొర చేస్తానన్నారు. మీకు ఇలాంటి పట్టింపు ఉన్నా లేకపోయినా, లోపల పెట్టేది ఏమిటో అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

మార్చిలో మొదటి ఆపరేషన్. అమ్మ ముందురోజే మదనపల్లె నుంచి వచ్చింది. ఆ ఉదయం ముందుగా నా చేతి నుంచి నాలుగు చిన్న గొట్టాల రక్తం తీసి, గిర్రున తిప్పే మిషన్‌లో పెట్టారు. పది, పన్నెండు నిమిషాల తర్వాత బయటికి తీస్తే, అడుగున ఎర్రగా, పైన తేనెరంగులో జున్నుముక్కలాంటి జెల్లీ. చిన్న పట్టకారుతో దాన్ని ఎత్తి, స్టీలు పెట్టెలో పరిచి, మూతతో మెల్లగా నొక్కారు. పల్చటి పొర తయారైంది. నా ఒంట్లోని రక్తమే నా గాయానికి కప్పుగా మారుతోందని కళ్లారా చూశాక భయం సగం తగ్గింది.

మత్తు ఇంజెక్షన్ల గురించి దాచకుండా చెబుతాను. పెదవి వైపు ఇచ్చినవి చీమ కుట్టినట్టే ఉన్నాయి. అంగిలిలో ముందుపళ్ల వెనక ఇచ్చినది మాత్రం కళ్లలో నీళ్లు తెప్పించింది. అక్కడ చర్మం ఎముకకు బిగిసి ఉంటుంది కాబట్టి మందు పోవడానికి చోటుండదట. పది లెక్కపెట్టేలోపు అయిపోయింది. తర్వాత మొత్తం ఆపరేషన్‌లో నాకు నొప్పన్నదే తెలియలేదు. తెలిసినవి ఒత్తిడి, చప్పుడు, నీళ్లు. ఎముకను కొద్దిగా తొలిచి, పన్నును రెండు ముక్కలుగా కోసి, తలను ముందు, వేరును తర్వాత తీశారు. వేరు బయటికొచ్చేటప్పుడు చెరకుగడ కణుపు దగ్గర విరిగినట్టు టక్కుమన్న శబ్దం పుర్రెలోపల వినిపించింది. నర్సమ్మ నా భుజం మీద చెయ్యేసి "ఆయ్తు, ఆయ్తు" అంటూనే ఉంది. కన్నడంలో "అయిపోయింది" అని. గంటా పది నిమిషాలు పట్టింది. కుట్లు వేశాక, అంగిలికి సరిగ్గా అతుక్కునే పారదర్శకమైన ప్లేటు పెట్టారు. పైకెత్తిన చర్మం కింద రక్తం చేరకుండా అది నొక్కి ఉంచుతుంది.

రెండో రోజు ముఖం బాగా వాచింది. నాలుగోరోజుకు తగ్గింది. చల్లార్చిన రాగిజావ, పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ. స్ట్రాతో తాగొద్దు, ఉమ్మొద్దు, వేడివి వద్దు. యాంటీబయాటిక్ ఐదు రోజులు, క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలింత రెండు వారాలు. ముందుపళ్ల వెనక అంగిలి మొద్దుబారిపోయి, అన్నం మెతుకు తగిలినా తెలిసేది కాదు. ముందే చెప్పారు కాబట్టి కంగారుపడలేదు. రెండు నెలల్లో మళ్లీ స్పర్శ వచ్చింది.

పాలపన్నును కూడా అదే రోజు తీసేశారు. దూది పెట్టి చిన్న కవర్లో ఇచ్చారు. నా గోరంత కూడా లేదు, వేరు దాదాపు లేనేలేదు. అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "మిగతావన్నీ పేడలో పెట్టి మిద్దెమీదికి వేశాం కదా పాపా, ఇదొక్కటే మిగిలిపోయింది" అంది. ఊరికి వెళ్లేటప్పుడు దాన్ని కొంగుకు ముడేసుకుని తీసుకెళ్లింది. మర్నాడు ఫోన్ చేసి, పక్కింటి ఆవు పేడ తెచ్చి మిద్దెమీదికి విసిరానని చెప్పింది.

తర్వాత ఐదు నెలలు ఎదురుచూపు. ఖాళీ కనపడకుండా, తీసి పెట్టుకునే పన్ను ఒకటి చేసిచ్చారు. మే నెలలో చిన్నాన్న కూతురి పెళ్లిలో ఫొటోలన్నిటిలో దానితోనే నవ్వాను. తినేటప్పుడు తీసి డబ్బాలో పెట్టుకోవాలి. ఆఫీసు క్యాంటీన్‌లో నలుగురి మధ్య అలా తీయడం మొదట్లో చాలా ఇబ్బందిగా ఉండేది. తర్వాత నా పక్క సీటు అమ్మాయికి విషయం చెప్పేశాను. అప్పటినుంచి ఇద్దరం కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేవాళ్లం.

ఆగస్టులో మళ్లీ స్కాన్ తీస్తే గుంత పూడింది. ఇంప్లాంట్ వేసే రోజు డాక్టర్‌గారు దాని కథ చెప్పారు. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త కుందేళ్ల ఎముకలో రక్తప్రసరణను గమనించడానికి టైటానియం పరికరాలు అమర్చాడు. పని అయ్యాక తీయబోతే అవి రాలేదు, ఎముక వాటిని పట్టేసుకుంది. 1965లో యోస్టా లార్సన్ అనే ఆయనకు మొదటిసారిగా నోట్లో టైటానియం ఇంప్లాంట్లు వేశారు. అవి నలభై ఏళ్లకు పైగా, ఆయన చనిపోయేదాకా పనిచేశాయి. జిగురు లేదు, సిమెంటు లేదు, ఎముకే పట్టుకుంటుంది. అందుకే అన్ని నెలలు ఆగాలి. పైదవడ ఎముక కింది దానికంటే మెత్తన కాబట్టి ఇంకొంచెం ఎక్కువ ఆగాలి. షుగర్ అదుపులో లేకపోయినా, పొగతాగినా ఆ పట్టు సరిగ్గా కుదరకపోవచ్చు. అందుకే ముందుగా మూడు నెలల షుగర్ పరీక్ష కూడా చేయించారు.

మొదటి ఆపరేషన్‌తో పోలిస్తే ఇది చాలా తేలిక. నలభై నిమిషాలు. సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి ఒక్కో సైజు పెంచుతూ పోతారు. ఆపకుండా సెలైన్ పోస్తూనే ఉంటారు, ఎందుకంటే ఎముక 47 డిగ్రీలకు మించి ఒక నిమిషం వేడెక్కినా ఆ కణాలు చచ్చిపోతాయి, ఇంప్లాంట్ పట్టదు. నాకు వేసినది 4 మిల్లీమీటర్ల మందం, 11.5 మిల్లీమీటర్ల పొడవు. చివర్లో చిన్న రెంచితో బిగించి, ఎంత గట్టిగా బిగిసిందో దాని మీద చూపే అంకె చూసి "ముప్పై ఐదు, బాగుంది" అన్నారు. ఆ రాత్రి ఒక్క పారాసిటమాల్ వేసుకుని పడుకున్నాను, మర్నాడు ఇంట్లోంచే పనిచేశాను.

డబ్బా మీది స్టిక్కర్‌ను ఒక కార్డుకు అతికించి ఇచ్చారు. కంపెనీ, సైజు, లాట్ నంబరు అన్నీ అందులో ఉన్నాయి. రేపు నేను ఏ ఊరికి మారినా, స్క్రూ వదులైనా, ఏ డాక్టరైనా సరైన పనిముట్టు వాడాలంటే ఆ కార్డు కావాలి. మీకు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. నేను ఆధార్ కార్డు ఉన్న ఫైల్లోనే పెట్టాను.

2024 జనవరిలో చిగురును కొద్దిగా తెరిచి టోపీలాంటిది బిగించారు, దాని చుట్టూ చిగురు గుండ్రంగా మానింది. తర్వాత స్కానర్‌తో కొలతలు. రంగు ఎంచేటప్పుడు నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఎడమ కోరపన్ను పక్కన నమూనాలు పెట్టి చూశారు. కోరపన్ను ముందుపళ్లకంటే కాస్త పసుపుగానే ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. అయినా ల్యాబు నుంచి వచ్చిన మొదటి జిర్కోనియా (పింగాణీలాంటి గట్టి పదార్థం) పన్ను ముందుపళ్లంత తెల్లగా, ఉబ్బుగా ఉంది. డాక్టర్‌గారు "పర్లేదా?" అని అడిగారు. ఏడాది ఆగినదాన్ని, ఇంకో పదిరోజులు ఆగలేనా? వెనక్కి పంపించమన్నాను. రెండోది సరిగ్గా కుదిరింది.

నీలి కాగితం కొరికించి, పక్కకు జరిపించి, తగిలినచోటల్లా మెల్లగా అరగదీశారు. సొంత పన్నుకూ ఎముకకూ మధ్య సన్నని మెత్తటి పొర ఉంటుంది, అది షాక్ అబ్సార్బర్‌లా పనిచేస్తుంది. ఇంప్లాంట్‌కు అది లేదు. అందుకే దాని మీద భారం కొంచెం తక్కువ పడేలా చూస్తారు. కొరికినప్పుడు తేడా నాకు ఇప్పటికీ తెలుస్తుంది. పక్క పళ్లకు జామకాయ గట్టిదనం తెలుస్తుంది, దీనికి తగిలిందని మాత్రమే తెలుస్తుంది. నొప్పి కాదు, అలవాటైపోయింది. రోజూ రాత్రి దాని చుట్టూ సన్నని బ్రష్షుతో శుభ్రం చేస్తాను. ఇంప్లాంట్‌కు పుప్పి పట్టదు కానీ చిగురు చెడితే ఎముక కరిగిపోతుంది.

అన్నీ కలిపి నాకు 96,500 రూపాయలైంది. ఏడాదిలో నాలుగు దఫాలుగా కట్టాను. ఆఫీసు ఇన్సూరెన్సు దంతాల చికిత్సకు వర్తించదన్నారు, ఒక్క రూపాయి రాలేదు.

చివరి చెకప్పుకి వెళ్లినప్పుడు, క్లిప్పుల డాక్టర్ అన్న మాట నా మనసులో తిరుగుతూనే ఉంది. ఆవిడనే అడిగాను, చిన్నప్పుడే ఎలా తెలుస్తుందని. తొమ్మిది, పదేళ్లకు పాలకోరపన్ను పైన చిగురు మీద వేలు పెట్టి తడిమితే లోపలి పన్ను ఉబ్బు తగలాలి. తగలకపోతే కనిపెట్టుకుని ఉండాలి, అవసరమైతే ఎక్స్‌రే తీయాలి. దారి తప్పుతున్నట్టు అప్పుడే తెలిస్తే, పాలపన్నును ముందుగా తీసేస్తే చాలు, చాలామందిలో అసలు పన్ను తనంతట తానే దారిలోకి వస్తుందట. మా నాయనదీ పొట్టి పన్నే కదా. ఇంటికి రాగానే అన్నకు ఫోన్ చేశాను.

ఆ మే నెల సెలవులకు అన్న కూతురు వచ్చింది. దానికి తొమ్మిది దాటింది. కుర్చీలో కూర్చుని "అత్తా, ఇంజెక్షన్ వేస్తారా?" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. డాక్టర్ గ్లవ్స్ వేసుకుని చూపుడువేలితో చిగురు మీద మెల్లగా తడిమారు. ఎడమవైపు ఉబ్బు ఉంది. నా వేలు కూడా పెట్టించి చూపించారు, శనగగింజంత గట్టిగా తగిలింది. కుడివైపు ఇంకా తగల్లేదు. తొందరేమీ లేదు, ఆరు నెలల్లోపు మళ్లీ చూద్దామన్నారు. దసరా సెలవులకు పాపను తీసుకుని రమ్మని అన్నకు చెప్పాను.